బ్రేకు పడ్డ క్షణాన్ని పట్టుకున్న క్లిప్పులక్క

లిఫ్టుల కంపెనీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గేటు దగ్గర కాపలా ఆయన మొదలు యజమాని దాకా అందరికీ ఆమె క్లిప్పులక్క. యజమాని ఆమెకన్నా వయసులో చాలా పెద్ద. అయినా ఆయన నోటా అదే మాట.

ఆ పేరు ఆమె బల్లమీదుండే లాజిక్ ఎనలైజరు పుణ్యం. చూడ్డానికి చిన్న పెట్టె. ముందువైపు నుంచి రంగురంగుల సన్నటి తీగలు గుత్తిగా బయటికొస్తాయి. ఒక్కో తీగ చివర ఒక ప్రోబు, అంటే నొక్కితే బుల్లి కొక్కెం బయటపడి, వదిలితే పట్టుకునే క్లిప్పు. బోర్డు మీద ఏ చిప్పు కాలికి దాన్ని తగిలిస్తే, ఆ కాలి మీద కరెంటు ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో తెరమీద గీత గీసి చూపిస్తుంది. పని మధ్యలో ఊడదీసిన క్లిప్పుల్ని ఆమె చేతికందేలా చున్నీ అంచుకి తగిలించుకునేది. మర్చిపోయి అలాగే బస్సెక్కేది, అలాగే ఇంటికెళ్ళేది.

"ఇవెక్కడి క్లిప్పులే తల్లీ, చేతిరుమాలు కూడా ఆగట్లేదు వీటికి?" అని ఒకరోజు అత్తగారు దండెం దగ్గర్నుంచి కేకేసింది. పెద్దకొడుకేమో పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు చేస్తాడు, కోడలేమో జెర్రికాళ్ళ పెట్టెతో ఆడుకుంటుంది, తన ఇంట్లో తిన్నగా ఉద్యోగం చేసేవాళ్ళే లేరని ఆవిడ అందరికీ చెప్పుకుని నవ్వేది.

క్లిప్పులక్కకి చిన్నప్పటి నుంచీ నత్తి. ఏ అక్షరం దగ్గరైనా నాలిక ఆగొచ్చు, కానీ క, ప, బ, చ, ఈ అక్షరాలతో మాత్రం ఆమెకు ఆజన్మ వైరం. "నాకు పె... పెట్టిన పేరు నేనే పలకలేను. ఇంకే పేరూ దొరకలేదా మీకు?" అని తోటివాళ్ళతో ఆమే అనేది. ఆమెను బాధపెట్టేది నత్తి కాదు, ఎదుటివాళ్ళ తొందర. మీటింగుల్లో ఆమె ఒక మాట మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు దాన్ని అందుకుని పూర్తిచేసేసేవాళ్ళు. నూటికి తొంభైసార్లు తప్పుగా పూర్తిచేసేవాళ్ళు. ఆమె తల ఊపేసి ఊరుకునేది. ఊరుకోవడం రానురాను అలవాటైపోయింది.

ఆమె మాటను చివరిదాకా వినేవాడు కంపెనీలో ఒక్కడే ఉన్నాడు. ఆమె మరిది. కాలేజీలో చదివే రోజుల్లో వంటింటి బల్లమీద వదిన దగ్గరే సోల్డరింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు కంపెనీ లిఫ్టులన్నిటికీ బోర్డులు గీసే ఇంజనీరు అతనే. అతను గీస్తాడు, ఆమె పరీక్షిస్తుంది. ఇంట్లో వదిన, ఆఫీసులో అక్క అనడం అతని పద్ధతి. కంగారు పడితే మాత్రం ఎక్కడైనా వదినే.

ఆ రోజు యజమాని గదిలో అతను కంగారుగానే ఉన్నాడు. పెద్దాస్పత్రిలో తాము పెట్టిన లిఫ్టు, అందులోనూ ఆపరేషన్ థియేటరుకి వెళ్ళే లిఫ్టు, ఉన్నట్టుండి అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోతోంది. బోర్డుని అడిగితే 'తలుపు తెరిచి ఉంది' అంటోంది. చూస్తే తలుపు మూసే ఉంటోంది. మెకానిక్కులు తలుపు స్విచ్చులు మార్చారు, వాటి తీగలు మార్చారు, చివరికి తలుపే మార్చారు. తల ప్రాణం తోకకొచ్చిందే తప్ప లిఫ్టు దారికి రాలేదు. విచిత్రమేమిటంటే, మెకానిక్కులు ఎక్కి తిరిగినంతసేపూ అది బుద్ధిగా నడిచేది. మంచంమీద రోగి ఎక్కితే మొరాయించేది. "మా లిఫ్టుకి రోగులంటే భయం" అని ఆస్పత్రిలో జోకులు పుట్టాయి. పెద్ద డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. నెలాఖరులోగా బాగుచేయకపోతే మొత్తం పీకించేసి వేరే కంపెనీది పెట్టించుకుంటానని మొహమ్మీదే చెప్పింది.

"నా బోర్డులో తప్పు లేదు. కావాలంటే మళ్ళీ మొదటినుంచీ చూడండి" అన్నాడు మరిది, మొహం కందగడ్డలా చేసుకుని.

"నేను వె... వెళ్తాను" అంది క్లిప్పులక్క.

"వెళ్ళి మాట్లాడొస్తానంటారు, అంతేనా?" అన్నాడు యజమాని అలవాటు కొద్దీ.

ఆమె తల అడ్డంగా ఊపి, పెట్టె సర్దుకోవడానికి లేచింది.

*

మెషీను గది ఆస్పత్రి మేడమీద, నీళ్ళ ట్యాంకుల పక్కన ఉంది. పగలంతా ఎండకి కాగి లోపల ఉడికిపోతోంది. మోటారు, దాన్ని బిగించి పట్టే బ్రేకు, గోడకి బీరువాలాంటి ఇనప పెట్టెలో మరిది గీసిన బోర్డు. కింద కేబిన్లో లిఫ్టు నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఎక్కినవాళ్ళందర్నీ "పైకా, కిందకా?" అని అడిగీ అడిగీ ఆస్పత్రి మొత్తానికి పైకా పెద్దమ్మ అయిపోయింది.

"నువ్వైనా దీని రోగం కనిపెట్టవే తల్లీ. లోపల ఇరుక్కున్నప్పుడల్లా మనిషి చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పలేక చస్తున్నాను. నా దగ్గర కబుర్లు కూడా అయిపోయాయి" అంది ఆవిడ.

క్లిప్పులక్క బోర్డు ముందు కూర్చుని, దొరికిన తీగలన్నిటికీ ప్రోబులు తగిలించింది. ప్రతి గుత్తితోనూ వచ్చే నల్లతీగని ముందు బోర్డు నేలకి, అంటే అన్ని వోల్టేజీలకీ సున్నా అనుకునే చోటుకి, బిగించింది. అది సరిగ్గా లేకపోతే మిగతా గీతలన్నీ అబద్ధాలు చెబుతాయని ఆమెకు తెలుసు. అన్నీ చూసుకుని లిఫ్టు వదలమంది.

సాయంత్రం దాకా లిఫ్టు ఒక్కసారీ ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. రోగులెక్కారు, మంచాలెక్కాయి, మందుల బళ్ళెక్కాయి. నిమ్మకు నీరెత్తినట్టు నడిచింది. ఇక లాభం లేదని ఆమె ప్రోబులు ఊడదీసి పెట్టె సర్దుకుని మెట్లు దిగుతూ ఉంటే, కింద అంతస్తులో గోల వినబడింది. ఆపరేషనయిన ముసలాయన్ని తీసుకొస్తూ లిఫ్టు ఆగిపోయింది.

ఆమె పరుగున పైకెక్కి, కరెంటు తీసి మళ్ళీ వేసింది. లిఫ్టు ఏమీ ఎరగనట్టు కదిలింది. తలుపు తెరుచుకున్నాక చూస్తే పెద్దమ్మ తన శాలువా తీసి ఆ ముసలాయనకి కప్పి, ఆయన అరచేయి రుద్దుతోంది.

మళ్ళీ ప్రోబులు తగిలించారు. మళ్ళీ లిఫ్టు బుద్ధిమంతురాలైపోయింది.

ఫోనులో సంగతి విని మరిది స్కూటరేసుకుని వచ్చేశాడు. తీగలు వేలాడుతున్న బోర్డు ముందు నిలబడి నెత్తి గోక్కున్నాడు.

"వదినా, ఒక మాట చెబుతాను, తిట్టకు. ఈ పెట్టె తగిలించి ఉంటే ఇది ఆగదు కదా? ఇక్కడే వదిలేద్దాం. ఇంకో పెట్టె కొనమని నేను అడుగుతాలే."

"వ... వద్దు."

"ఎందుకొద్దు?"

"క్లి... క్లిప్పు ఊడిపోతే? లోపల మ... మనిషి ఉంటే?" ఆమె ఊపిరి తీసుకుంది. అతను ఆగాడు. "నేను తగిలిస్తే బాగుంటోందంటే, నేను ఎక్కడ తగిలించానో అక్కడే ఉంది రోగం. ప్రోబు ఊ... ఊరికే చూడదు. ఎంతోకొంత బరువు మోపుతుంది తీగ మీద."

 మరిదికి అది తెలియని సంగతేమీ కాదు. వేలెడంత తీగ, చిటికెడంత క్లిప్పు. అయినా వేగంగా పరిగెత్తే సంకేతానికి అవి అడ్డు తగులుతాయి, చిన్న చిన్న కుదుపుల్ని మింగేస్తాయి. తన బోర్డు మీద అభిమానం అడ్డొచ్చి ఆ వైపు ఆలోచించలేదు, అంతే.

"ఒక్కోటీ తీసి చూద్దాం" అన్నాడు చొక్కా చేతులు మడిచి.

రోగుల్ని పక్క లిఫ్టుకి మళ్ళించమని డాక్టరమ్మని బతిమాలుకున్నారు. ఖాళీగా తిప్పితే అది ఆగదు కాబట్టి, పెద్దమ్మే రోజూ చేసే పనులన్నీ చేస్తూ, మంచం తోసుకుంటూ పైకీ కిందకీ తిరిగింది. మంచం మీద రోగిగా మరిదిని పడుకోబెట్టారు. కప్పిన దుప్పటి కింద అతను సుఖంగా కునుకు కూడా తీశాడు. మేడమీద వదిన ఒక్కో క్లిప్పే విప్పుతూ వచ్చింది. తలుపు తీగ విప్పింది, ఏమీ కాలేదు. బటన్ల తీగ విప్పింది, ఏమీ కాలేదు. పసుపు క్లిప్పు విప్పాక నాలుగైదుసార్లు తిరగ్గానే లిఫ్టు ఠక్కున ఆగింది. లోపల మరిది ఉలిక్కిపడి లేచి తల బాదుకున్నాడని పెద్దమ్మ ఫోనులో పగలబడి నవ్వుతూ చెప్పింది.

పసుపు క్లిప్పు ఉన్నది తాళం తీగ మీద. తలుపుకి వేసే తాళం కాదు, పాటకి వేసే తాళం. కేబిన్లో తలుపు మూసి ఉందా, ఏ బటను నొక్కారు, దీపం వెలుగుతోందా, ఈ కబుర్లన్నీ ఒకే తీగ మీద వరసగా ఒకదాని వెనక ఒకటి పైకొస్తాయి. పక్కనున్న తీగ ఒక్కో కబురుకీ ఒక్కో దెబ్బ చొప్పున తాళం వేస్తుంది. ఆ తాళాన్ని బట్టే బోర్డు ఏ కబురు దేనిదో లెక్కపెట్టుకుంటుంది.

దోషి ఎవరో తెలిసింది. కానీ దాన్ని ముట్టుకుంటే అమాయకంగా మొహం పెడుతుంది. ముట్టుకోకుండా చూడాలి.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె పరధ్యానంగా కలిపిన ముద్దే కలుపుతూ కూర్చుంది. "జెర్రిపెట్టె ఏమంటోంది?" అనడిగింది అత్తగారు.

"దొంగని ముట్టుకుంటే దొ... దొంగతనం చెయ్యట్లేదు అత్తయ్యా."

"అయితే ముట్టుకోకు. వాడు చేశాక ఎవరైనా కేకేస్తారుగా, అప్పుడు పట్టుకో" అంది ఆవిడ మజ్జిగ పోస్తూ.

కోడలు నవ్వేసింది. తాను అంతకుముందే వేసుకున్న పథకం కూడా సరిగ్గా అదే.

ఎనలైజరు వెనకవైపు ఒక గుండ్రటి సాకెట్టు ఉంటుంది, బయటి ట్రిగ్గరు కోసం. ప్రోబుల గొడవ దానికి పట్టదు. బయటినుంచి ఎవరో వచ్చి 'ఇక ఆపు' అని పెట్టె వీపు తట్టడానికి ఉంచిన చోటది. పెట్టెకి జ్ఞాపకం కొంచెమే. కొత్తది రాసుకుంటూ పాతది చెరుపుకుంటూ పోతుంది. వీపు మీద తట్టగానే రాయడం ఆపేలా సరిచేస్తే, ఆ క్షణానికి ముందు జరిగినదంతా చెరగకుండా దక్కుతుంది. తట్టేది ఎవరు? బ్రేకు. లిఫ్టు ఆగినప్పుడల్లా తప్పనిసరిగా పడేది అదే.

బ్రేకు తీగచుట్టలోని వోల్టేజీ ఆ సాకెట్టుకి నేరుగా తగిలితే పెట్టె బూడిదవుతుంది. అందుకని మధ్యలో ఆప్టో కప్లరు పెట్టింది. అటువైపు కరెంటు ఉంటే దాని లోపల బుల్లి దీపం వెలుగుతుంది. ఆ వెలుగుని చూసి ఇటువైపు సంకేతం పుడుతుంది. తీగకీ తీగకీ అంటు ఉండదు. ట్రిగ్గరు తీగ పొడుగైతే గాలిలో పోయే చెత్తంతా పట్టుకుంటుందని దాన్ని కురచగా కత్తిరించి, నేలతీగతో కలిపి జడలా అల్లింది.

మొదటి రోజు పథకం ఘోరంగా తన్నేసింది. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ మామూలుగా ఆగుతుంది కదా, ప్రతి ఆగుడుకీ బ్రేకు పడుతుంది కదా! పెట్టె ఊరికే ఆగిపోయి, పనికిరాని గీతలు చూపిస్తూ కూర్చుంది. అంత చిన్న సంగతి తనకి తట్టనందుకు ఆమె తననే తిట్టుకుంది, మనసులో తిట్టుకుంటే నత్తి రాదు గనక గడగడా తిట్టుకుంది. తర్వాత కూర్చుని చిన్న సర్క్యూటు కట్టింది. అంతస్తు దగ్గరకొచ్చామని చెప్పే సెన్సరు ఒకటి లిఫ్టుకి ఎలాగూ ఉంది. బ్రేకు పడాలి, ఆ సమయంలో ఆ సెన్సరు నోరు మూసుకుని ఉండాలి. రెండూ కలిస్తేనే పెట్టె వీపు తట్టాలి. అంటే, ఆగకూడని చోట ఆగితేనే.

పసుపు క్లిప్పుని చున్నీకి తగిలించుకుంది. మిగతావన్నీ బోర్డుకి తగిలించింది. పెద్దమ్మ మంచం తోసింది. ఈసారి మంచం మీద మరిది నిద్రపోలేదు.

పైకి, కిందకి. పైకి, కిందకి. ఎండ నడినెత్తికొచ్చింది. బ్రేకు ధడాలున పడింది. ఎనలైజరు మీద ఎర్రదీపం వెలిగింది.

"ప... ప... పట్టాను!" అని ఆమె వేసిన కేక లిఫ్టు గోతిలోంచి కిందదాకా వినబడింది.

ఇరుక్కున్న కేబిన్లోంచి మరిదిని బయటికి లాగగానే అతను మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి వచ్చాడు. ఇద్దరూ తెరమీదికి వంగారు. తలుపు స్విచ్చు తీగ తిన్నగా గీసిన గీతలా ఉంది. తలుపు మూసే ఉంది, చివరిదాకా మూసే ఉంది. కబుర్ల తీగ కూడా సరిగ్గానే పలికింది. కానీ బోర్డు ఆ కబుర్లని విని లోపలి చిప్పుకి చెప్పిన లెక్కలో మాత్రం అన్నీ ఒక్క గడి పక్కకి జరిగి ఉన్నాయి.

"తాళంలో ఒక దెబ్బ ఎక్కువ పడింది" అన్నాడు మరిది గొంతు తగ్గించి. "ఎక్కడినుంచో కుదుపొచ్చి తాళం తీగకి తగిలింది. అది నిజం దెబ్బే అనుకుని బోర్డు లెక్కపెట్టేసింది. తలుపు గడిలోకి పక్క గడిలోది వచ్చి కూర్చుంది. పక్క గడిలో ఏముంది?"

పక్క గడిలో ఫ్యాను ఉంది. కేబిన్ ఫ్యాను తిరుగుతోందా లేదా అన్న కబురు. బ్రేకు పడటానికి సరిగ్గా ముందు 'తిరుగుతోంది' పోయి 'ఆగింది' వచ్చింది. ఆ 'ఆగింది' వెళ్ళి తలుపు గడిలో పడితే, అక్కడ దానర్థం 'తలుపు తెరిచి ఉంది'.

ఇంకోసారి పట్టారు. అచ్చు అదే. మరోసారి పట్టారు. అదే.

క్లిప్పులక్క ఫోను తీసింది. "పె... పెద్దమ్మా, ఫ్యాను ఎప్పుడు ఆపుతారు మీరు?"

"ఎప్పుడేమిటే, ఆపరేషనయి వచ్చేవాళ్ళు చలికి గజగజలాడిపోతుంటారు కదా. వాళ్ళని ఎక్కించి బయల్దేరగానే ఆపేస్తాను. మెకానిక్కు కుర్రాళ్ళకి చలేమిటి, వాళ్ళున్నప్పుడు ఆపను."  అంటూనే ఆవిడ గొంతు మారిపోయింది. "ఏంటమ్మా, నా చేత్తోనా ఇదంతా జరిగింది?"

క్లిప్పులక్క మాట వెతుక్కుంటూ నిలబడలేదు. మెట్లు దిగి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు చే... చేసింది మంచిపని. ఫ్యాను ఆపితే ఆగిపోయే లిఫ్టు మేం చే... చేశాం. తప్పు మాది."

వెనకే వచ్చిన మరిది గొంతు సవరించుకున్నాడు. "నాది పెద్దమ్మా. బోర్డు గీసింది నేను. ఫ్యాను తీగనీ తాళం తీగనీ ఒకే కట్టలో పంపాను."

*

బాగుచేయడం వాళ్ళకి చిటికెలో పని. ఇన్నాళ్ళూ ప్రోబు పుణ్యాన జరిగిన పనిని శాశ్వతంగా చేసేలా మరిది తాళం తీగ మీద చిన్న కెపాసిటరు, రెసిస్టరు వేశాడు. ఫ్యాను ఆగినప్పుడు ఎగసిపడే కరెంటుని అక్కడే అణిచేసే భాగం ఇంకోటి ఫ్యాను దగ్గర పెట్టాడు. ఏ కబురైనా వరసగా రెండుసార్లు ఒకేలా వస్తేనే నమ్మమని బోర్డుకి నేర్పాడు. వదిన ప్రతిదాన్నీ విడివిడిగా పరీక్షించి, ఒకటి పాడైనా మిగతావి కాపాడతాయని తేల్చుకున్నాకే సరేనంది.

డాక్టరమ్మ, నర్సులు, యజమాని, తీరిగ్గా ఉన్న రోగుల బంధువులు, అందరూ లిఫ్టు ముందు హాల్లో పోగయ్యారు. ఏం జరిగిందో చెప్పమంది డాక్టరమ్మ. యజమాని మరిది వైపు చూశాడు. మరిది వదిన వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఈ లిఫ్టు త... త..."

"తలుపు సమస్యే, అంతేగా?" అని అందుకున్నాడు యజమాని.

ఆమె చెయ్యెత్తింది. ఎప్పుడూ తల ఊపేసి ఊరుకునే మనిషి, అంతమంది ముందు, అరచెయ్యి ఆయన వైపు తిప్పి ఆపింది.

"కాదు. నాకు మా... మాట నెమ్మదిగా వస్తుంది. కాస్త ఆగితే మొత్తం వస్తుంది. ఆగండి."

యజమాని నాలిక్కరుచుకున్నాడు. హాలంతా ఆగింది. ఆమె చెప్పింది. తాళం గురించి, పక్కకి జరిగిన గడి గురించి, ముట్టుకుంటే దాక్కునే కుదుపు గురించి, బ్రేకుతో వీపు తట్టించి దాన్ని పట్టిన తీరు గురించి, ఏ మాటనీ తేలికైన మాటతో మార్చుకోకుండా, కష్టమైన అక్షరం దగ్గర కావలసినంతసేపు నిలబడి మరీ చెప్పింది. మధ్యలో ఎవరూ అందుకోలేదు. పెద్దమ్మ ఫ్యాను సంగతి వచ్చినప్పుడు నర్సులు చప్పట్లు కొట్టారు.

"మాటలు బాగున్నాయి. నడిపి చూపించండి" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మని కూడా లోపలికి రమ్మని, క్లిప్పులక్క కేబిన్లో నిలబడింది. పెద్దమ్మ "పైకా?" అనడిగి బటను నొక్కింది. లిఫ్టు కదిలిన మరుక్షణం క్లిప్పులక్క ఫ్యాను స్విచ్చు మీద వేలేసి టకటకా ఆపడం, వేయడం మొదలుపెట్టింది. ఆపింది, వేసింది, ఆపింది, వేసింది. స్విచ్చు విరుగుతుందేమో అన్నంత పని చేసింది. లిఫ్టు తొణకలేదు. చివరి అంతస్తు దాకా వెళ్ళి మెత్తగా ఆగింది. కిందికి వచ్చేటప్పుడు డాక్టరమ్మే చిన్నపిల్లలా స్విచ్చు లాక్కుని తనూ టకటకలాడించింది. తలుపు తెరుచుకునేసరికి ముగ్గురూ పకపకా నవ్వుతున్నారు.

"ఉంచుకుంటున్నాం" అంది డాక్టరమ్మ యజమానితో. "రెండో లిఫ్టుకి కూడా ఇదే చేయించండి."

అప్పటికే థియేటరు నుంచి ఫోను. ఒకామెని కిందికి తీసుకురావాలి. పెద్దమ్మ జనాన్ని తప్పించుకుంటూ మంచంతో పైకెళ్ళింది. హాల్లో ఎవరూ కదల్లేదు. అంకెలు దిగుతూ వచ్చాయి. తలుపు తెరుచుకుంది. మగతగా కళ్ళు తెరిచిన ఆమె, తనని చూసి ఇంతమంది ఎందుకు చప్పట్లు కొడుతున్నారో తెలియక బిత్తరపోయి, అయినా చిన్నగా నవ్వింది. కేబిన్లో ఫ్యాను ఆగి ఉంది.

యజమాని క్లిప్పులక్క దగ్గరికొచ్చాడు. ఈ బోర్డున్న లిఫ్టులు ఊరినిండా ఉన్నాయి, అన్నిటికీ ఈ మార్పు చేయాలి. ఆ పనికి ఒక బృందం, దానికి ఆమె పెద్ద. ఇంత చెప్పి ఆయన నోరు మూసుకుని, ఆమె జవాబు కోసం బుద్ధిగా నిలబడ్డాడు. ఎంతసేపైనా నిలబడేలా ఉన్నాడు.

"చే... చేస్తాను. మా మరిది కూడా ఉండాలి."

"ఉంటాడు. ఎప్పుడు మొదలుపెడదాం? ఇప్పుడే ఒక హోటలు వాళ్ళు ఫోను చేశారు, అక్కడా..."

"రే... రేపు" అంది ఆమె, పెట్టె సంచి భుజానికి తగిలించుకుని. "ఇవాళ నాకు ఆకలేస్తోంది."